పెళ్ళినీళ్ళు

విదియ

నీళ్ళ గది డ్యూటీ పుస్తకంలో పంపు పీడనం, ట్యాంకు మట్టం, వాల్వుల సంగతి తప్ప మరోటి రాయకూడదని రూలు. ఆ రూలు పెట్టినవాడికి పెళ్ళి కుదిరి ఉండదు. నాకు నలభై ఏడో ఏట కుదిరింది. అందుకని కొన్నాళ్ళపాటు ఇందులో పీడనాలు తక్కువ, నా గోల ఎక్కువ ఉంటుంది. చదివే ఇన్‌స్పెక్టరు గారు పెద్దమనసు చేసుకోవాలి.

నా పేరు నూకరత్నం. ఊరు సొరంగపాలెం. చందమామ నేల కింద, ఎప్పుడో లావా పారి ఖాళీ చేసి పోయిన సొరంగంలో మూడు వందల మందిమి కాపురాలు చేస్తున్నాం. ఇక్కడ తిథులు భూమిని చూసి చెప్పుకుంటాం. ఈ రోజు నేలమీదికి కట్టిన కిటికీ గదిలోంచి చూస్తే భూమి సన్నటి గోరులా ఉంది. అది నిండిన రోజున నా పెళ్ళి.

వరుడు ప్రభుదాసు. ఆకుకూరల షెడ్డు చూస్తాడు. కోనసీమ మనిషి, మాట మెత్తన. షెడ్డు పైపు కారుతోందని మూడు నెలలు వరసగా నన్ను పిలిచాడు. నాలుగో నెలలో తెలిసింది, పైపును ఆయనే వదులు చేస్తున్నాడని. ఎప్పుడూ ఏదో కూనిరాగం తీస్తుంటాడు. అది ఏ పాటదో నాకూ తెలియదు, ఆయనకూ తెలియదు. ఆ రాగం సొరంగం మలుపులో వినపడగానే నా మొహం దానంతట అదే నవ్వుతుంది.

మా ఊళ్ళో నిప్పు వెలిగించకూడదు. ఉన్న గాలి ఊపిరికే సరిపోవాలి కాబట్టి అగ్నిసాక్షి కుదరదు. మొదటి ఓడలో వచ్చిన పెద్దలు దానికి బదులు నీటిసాక్షి పెట్టారు. ప్రతి ఇంటివాళ్ళూ తమ వాటాలోంచి గ్లాసుడు నీళ్ళు తెచ్చి ఒకే బిందెలో పోస్తారు. అందులోంచి ఇద్దరూ చెరో గుక్క తాగితే పెళ్ళయినట్టే. ఆయన ప్రభువుకూ, మా నూకాలమ్మ తల్లికీ ఈ ఏర్పాటు మీద అభ్యంతరం లేదు.

మరి నీళ్ళ గది రత్నం పెళ్ళిబిందెలో నీళ్ళు అల్లాటప్పాగా ఉంటే పరువేం కావాలి? ఊరు పుట్టినప్పటి నుంచీ ఒకటే వడపోత యంత్రం. కిందటి ఓడలో కొత్తది వచ్చింది, వచ్చే ఏడాది బిగిద్దామని అట్టపెట్టెలోనే ఉంచారు. కొత్తొక వింత, పాతొక రోత. ఈ రోజు పాతది విప్పి కొత్తది బిగించేశాను. గ్లాసుడు పట్టుకుని తాగాను. ఏ రుచీ లేదు. అంత గొప్పగా ఉన్నాయి నీళ్ళు.

పంచమి

ఊరంతా మెచ్చుకుంది. పప్పు తొందరగా ఉడుకుతోందని క్యాంటీనువాళ్ళు చెప్పారు. జుట్టు మెత్తబడిందని బడి పంతులమ్మ చెప్పింది. రెండు రోజులు తల ఎగరేసుకుని తిరిగాను.

నిన్నటి నుంచి మాత్రం నిద్ర సరిగ్గా లేదు. కలలు మరీ నిజంలా వస్తున్నాయి. అనకాపల్లిలో మా నాయనమ్మ మేకతో రాత్రంతా వాదించి, తెల్లారేసరికి గొంతు బొంగురుపోయి లేచాను. పక్కకు చూడ్డానికి కళ్ళు తిప్పితే తలలో చుర్రుమంటోంది, బ్యాటరీ కొసను నాలుకతో తాకినట్టు. పెళ్ళి హడావుడి అనుకున్నాను.

సాయంత్రం ప్రభుదాసు తోటకూర పట్టుకుని వచ్చాడు, కూనిరాగం తీసుకుంటూ. విన్న వెంటనే ఒళ్ళు మండింది. నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో అర్థం కాక ఆ తోటకూర మీద విసుక్కున్నాను.

సప్తమి

ఊరికి దిష్టి తగిలింది.

పొద్దున క్యాంటీనులో ఉప్మాలో వేరుశనగపప్పు ఉండాలా వద్దా అని మొదలైంది. ఇరవై ఏళ్ళ స్నేహితులిద్దరు బల్లకు చెరోవైపూ నిలబడి ఒకరి వంశాన్ని ఒకరు తవ్వుకున్నారు. సుద్దముక్క విరిగిందని పంతులమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. పిల్లలు ఆమెను ఊరుకోబెడుతూ వాళ్ళూ ఏడ్చారు. ఎవరిని కదిపినా ఒకటే మాట: నిద్ర లేదు, తలలో చుర్రుమంటోంది, ఎదుటివాడి మొహం చూడబుద్ధి కావడం లేదు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు ప్రెసిడెంటు అంబుజమ్మ ఒక్కరే మామూలుగా ఉన్నారు. అనంతపురం మనిషి, మాట రాయిలా ఉంటుంది. ఈ గొడవల మధ్య కూర్చుని ఆమె ఆ ఉప్మాను చక్కగా తినేసి, ఇంకో గరిటె అడిగారు.

ఇక నా ఘనకార్యం రాయాలి. మధ్యాహ్నం ప్రభుదాసు నా పక్కన కూర్చుని టీ తాగాడు. జుర్రుమని తాగాడు. రెండేళ్ళుగా అలాగే తాగుతున్నాడు. తాగి, కూనిరాగం అందుకున్నాడు. నేను స్టీలు గిన్నె తీసి విసిరాను. ఇక్కడ విసిరినవి పైకి లేచి, తాపీగా కిందికి దిగుతాయి. ఆయన గ్లాసు కింద పెట్టి, గిన్నె రాకకు ఎదురుచూసి, రెండు చేతులా పట్టుకుని బల్ల మీద పెట్టాడు.

"ఏటండీ రత్నం గారూ, తప్పేం చేశానండి?"

"ఆ రాగం ఆపండి! మీతో బతుకంతా ఇదేటి నాకు? ఈ పెళ్ళి నాకొద్దు."

ఆయన మొహం ఎర్రబడింది. జన్మలో మొదటిసారి గొంతు పెంచి, "ఒద్దంటే ఒద్దులెండి! నాకు మాత్రం ఏటంట!" అని వెళ్ళిపోయాడు. కళ్యాణమొచ్చినా కక్కొచ్చినా ఆగదంటారు. నాది ఆగింది. పంపు వెనక కూర్చుని ఏడ్చాను. నాకిష్టమైన మనిషి ఒక్కడూ ఒక్క టీ గుక్కకు అంత పరాయివాడెలా అయిపోయాడో అర్థం కాలేదు. అది చాలా బాధగా ఉంది, ఇన్‌స్పెక్టరు గారూ. పీడనం బాగానే ఉంది.

నవమి

ఈ రోజు రాయాల్సింది చాలా ఉంది.

మా డాక్టరు భూలక్ష్మిది వరంగల్లు వైపు. మూడు రోజులుగా ఊరంతటి నాడీ చూసి, రక్తం చూసి, గాలి పరీక్ష చేసి అలిసిపోయింది. పైగా ఆమెకూ నిద్ర లేదు. మీటింగు పెట్టి, "జొరం గాదు, అంటురోగం గాదు, గాలిల ఏం లేదు. నాకైతే సమజైతలేదు," అని ఒప్పుకుంది. దాంతో మూడు వందల మందీ ఒకేసారి అరవడం మొదలుపెట్టారు.

అంబుజమ్మ లేచి గరిటెతో బల్ల మీద కొట్టారు.

"కూర్చోండి. అరిచింది చాలు. తలకాయలో చుర్రుమంటాది, అంతే గదా? అది నాకు తెల్సు. మూడేండ్ల కిందట సరుకు ఓడ రాలేదే, అప్పుడు నా మాత్రలు అయిపోయినాయి. కండ్లు తిప్పితే చుర్రుమనేది. తలుపేసుకొని అందర్నీ తిట్టుకుంటా ఏడ్చినా. అచ్చం ఇదే."

"ఏం మాత్రలు, ప్రెసిడెంటు గారూ?" అన్నారెవరో.

ఆమె గరిటె కింద పెట్టారు. బల్ల అంచు పట్టుకున్న చెయ్యి చూస్తే తెలిసింది, రాయికీ భయం ఉంటుందని.

"దిగులు జబ్బుకు. పదేండ్లుగా మింగుతాండా. ఈ మనిషి మాకు వద్దు అనుకుంటే దించేయండి. అది రేపు. ఇప్పుడు నేనడిగేదానికి చెప్పండి. నేను మాత్ర నిలిపితే నాకు ఇట్లయింది. మీరు ఏ మాత్రా మింగకుండానే మీకెట్లయింది?"

డాక్టరు నెమ్మదిగా నావైపు తిరిగింది. నేను అప్పటికే నిలబడి ఉన్నాను.

మా ఊళ్ళోంచి ఏదీ బయటికి పోదు. చెమట, కన్నీళ్ళు, స్నానం, ఒంటేలు అన్నీ నా దగ్గరికే వస్తాయి, నా దగ్గర్నుంచే గ్లాసుల్లోకి పోతాయి. ఊరు కట్టిన కొత్తలో, సూర్యుడు కనపడని ఈ గుహలో మొదటివాళ్ళలో సగం మంది ఆ మాత్ర మీదే బతికారు. ఆ రోజుల్ని ఇప్పటికీ దిగులేళ్ళు అంటారు. ఆ మందు వాళ్ళ ఒంట్లోంచి నీళ్ళలోకి దిగింది. పాత వడపోతకు అది చిక్కలేదు. ఏటికేడాది పోగవుతూ మా అందరి గ్లాసుల్లో తిరిగింది. నేను నా పెళ్ళికోసం కొత్త వడపోత బిగించి, ఒక్క రోజులో దాన్ని తుడిచిపెట్టాను.

అత్యవసర ట్యాంకులో నెలలకు సరిపడా పాతనీళ్ళు అలాగే ఉన్నాయి. డాక్టరు ఒక సీసాలో అవీ, ఇంకో సీసాలో కుళాయి నీళ్ళూ పట్టుకుపోయి గంటలో తిరిగొచ్చింది. పాతనీళ్ళలో మందు ఉంది. కొత్తనీళ్ళలో లేదు.

"అయితే ఒంటికి మంచి నీళ్ళిస్తే మాకీ తిక్కేంటి?" అని ఉప్మా స్నేహితుల్లో ఒకాయన అడిగాడు.

"చెప్త ఇనుండ్రి," అంది డాక్టరు. "సెరటోనిన్ అని మెదడుల ఒక కబురు ఉంటది. ఒక నరం పంపుతది, ఇంకో నరం అందుకుంటది. అందుకునేటియి గ్రాహకాలు, చెవులనుకోండ్రి. ఈ మందు కబురును జెల్ది వాపస్ పోనియ్యది, ఆడనే ఉంచుతది. రోజూ గంత లొల్లి ఇనవడితే చెవులేం జేస్తయ్? కొన్ని లోపలికి ముడుసుకుంటయ్. కొన్ని బయటుండి గూడ సగమే ఇంటయ్. మెదడు గట్ల సర్దుకుంటది. గిప్పుడు మందు ఒక్కసారి పాయె. కబురు తక్కువాయె, చెవులేమో ఇంకా ముడుసుకునే ఉన్నయ్. మల్ల తెరుసుకోవాలంటే వాటికి టైము గావాలె."

"పంపులాగా," అన్నాను.

"ఏ పంపు?"

"నా మంచం పంపు పక్కనే. ఆ మోతలో హాయిగా నిద్రపోతాను, నాకది వినపడదు. పంపు ఆగితే మాత్రం ఉలిక్కిపడి లేస్తాను."

"గంతే అక్కా! ఊరంతా ఉలిక్కిపడి లేసింది."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు బల్లలన్నీ చుట్టొచ్చింది. నీళ్ళ గది రత్నం పెళ్ళిసంబరం ఊరిమీదికొచ్చిందని ఒకరన్నారు. తలలో చుర్రుమంటున్నా నేనూ నవ్వాను. అంబుజమ్మను దించేయమని ఎవరూ అనలేదు. పంతులమ్మ లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చుని, గ్లాసులో నీళ్ళు పోసిచ్చింది.

ద్వాదశి

అత్యవసర ట్యాంకు తెరిచి, కుళాయిల్లో మళ్ళీ పాతనీళ్ళు వదిలాను. ఊరు చల్లబడింది. ఉప్మా స్నేహితులు కౌగిలించుకున్నారు, వేరుశనగపప్పు వేరే గిన్నెలో పెట్టాలని ఒప్పందం కుదిరింది.

ఇప్పుడింకో పేచీ. "పాత యంత్రమే బిగించెయ్ రత్నం, ఇన్నేళ్ళూ చల్లగా బతికాం కదా, ఆ చల్లదనాన్ని ఎందుకు పోగొట్టుకోవాలి?" అని సగం ఊరు. "నా బుర్ర నాకు కావాలి, మందు లేకుండా నేనెవరో చూసుకోవాలి," అని మిగతా సగం. తీర్పు అంబుజమ్మ మీద పడింది.

"మందు మంచిది. నాకు ప్రాణం పోసింది," అన్నారామె. "అయితే అది నా పేరు మీద రాసింది, నా కొలతకు ఇచ్చింది, నేను ఒప్పుకొని మింగేది. ఊరందరికీ అడక్కుండా తాపితే దాన్ని మందు అంటారా? కావాల్సినోళ్ళు డాక్టరమ్మ దగ్గరికి పోండి, సిగ్గుపడాల్సిన పని లేదు. నేను తోడొస్తా. నీళ్ళు మాత్రం నీళ్ళ లెక్కనే ఉండాల."

పాతనీళ్ళలో కొత్తనీళ్ళు కలుపుతూ, కొద్దికొద్దిగా పాతవి తగ్గించాలని తీర్మానం. ఎంత వేగంగా తగ్గించాలో డాక్టరు చెబుతుంది, వాల్వు నేను తిప్పుతాను.

ఇవన్నీ బాగానే ఉన్నాయి. నా గుండెలో మాత్రం ఒక ముల్లు దిగబడింది. పాతనీళ్ళు తాగినన్నాళ్ళూ ప్రభుదాసంటే ఇష్టం. అవి ఆగాయి, ఇష్టం పోయింది. మళ్ళీ వచ్చాయి, ఇదిగో పొద్దున్నుంచీ చెవులు సొరంగం మలుపు వైపే ఉన్నాయి. అయితే ఈ ఇష్టం నాదా, ట్యాంకుదా?

ఆకుకూరల షెడ్డుకు వెళ్ళి ఆ మాటే అడిగేశాను. ఆయన మెంతికూర కోస్తున్నాడు. కత్తెర ఆపాడు.

"నాకూ అదే బెంగండి," అన్నాడు. "ఆ రోజు మీ మీద అరిచాను కదండీ. నేనేనా అరిచింది అనిపించిందండి."

"మరేటి చేద్దాం?"

"మీరు నీళ్ళు మెల్లిగా మార్చండి. పెళ్ళి అప్పటిదాకా ఆపుదామండి. పూర్తిగా మంచినీళ్ళు తాగిన రోజున ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుందాం. అప్పుడు మీరు గిన్నె విసిరితే, ఆ విసిరింది మీరేనని తెలుత్తాది కదండీ."

"విసిరితే?"

"పట్టుకుంటానండి. ఆయ్."

నిండు భూమి

ఈ రోజు నా పెళ్ళి కావాల్సింది. కాలేదు. ఇద్దరం కిటికీ గదిలో కూర్చున్నాం. పైన భూమి నిండుగా, నీలంగా ఉంది. ఆయన తోటకూర వడియాలు తెచ్చాడు. నూనె లేకుండా ఆవిరి మీద చేసినవి, నములుతుంటే తువ్వాలు నమిలినట్టుంది. ఆ మాట చెప్పాను. చాలాసేపు నవ్వుకున్నాం. ఆ నవ్వులో కొంత నీళ్ళదే అయి ఉంటుందని తెలుసు. అయినా బాగుంది.

రెండో నెల, చవితి

సగం పాతనీళ్ళు తీసేశాం. ఎవరికీ పెద్దగా ఏమీ కాలేదు. ఇంకేం, ఈ లెక్కన వచ్చే నిండు భూమికి పెళ్ళి చేసేసుకోవచ్చని డాక్టరు దగ్గరికి పరుగెత్తాను.

"ఆగక్కా," అంది. "సగం నీళ్ళు తీస్తే మందు పని సగం తగ్గదు. కొంచెం మందు గూడ శానా పని జేస్తది. ఇప్పటిదాంక దిగినయి చిన్న మెట్లు. ఆఖర్ల ఉన్నదే పెద్ద మెట్టు. ఆడ ఇంకా సన్నగ తిప్పాలె."

"మొదట్లో పరుగు, చివర్లో నడకా? నాకు మొదట్నుంచీ నడకే రాదు చెల్లీ!"

"పెండ్లి నీది, మెదడులు మూడు వందల మందియి."

నోరు మూసుకుని వచ్చాను. వాల్వును వెంట్రుకవాసి తిప్పడం నేర్చుకుంటున్నాను. నిదానమే ప్రధానం అని గోడమీద రాసిపెట్టింది నాకు మొగుడు కాబోయే ఆయన. పక్కన మెంతాకు బొమ్మ కూడా వేశాడు.

మూడో నెల, ద్వాదశి

చివరి మెట్టు నిజంగానే పెద్దది. తిప్పినప్పుడల్లా ఊరికి రెండు మూడు రోజులు చిరాకు. ఈసారి అదేమిటో తెలుసు కాబట్టి భయం లేదు. క్యాంటీనులో ఒక మూల బల్లకు "చిరాకు బల్ల" అని పేరు పెట్టారు. దాని దగ్గర కూర్చున్నవాళ్ళను ఎవరూ పలకరించకూడదు, టీ మాత్రం పెట్టి పోవాలి. ఉప్మా స్నేహితులిద్దరూ ఎదురెదురుగా కూర్చుని, మాట్లాడుకోకుండా, ఎంతో సంతోషంగా ఉన్నారు.

పదకొండు మంది డాక్టరు దగ్గరికి వెళ్ళి, మాకు మందు అవసరమే అనిపిస్తోంది అని చెప్పుకున్నారట. పేర్లు డాక్టరు చెప్పదు కానీ వాళ్ళే చెప్పుకుంటున్నారు. పంతులమ్మ వాళ్ళలో ఒకరు. అంబుజమ్మ అందరికీ తోడెళ్ళారు.

పొద్దున పాతనీళ్ళ వాల్వు పూర్తిగా మూసేశాను. మూసి, చెయ్యి తీయకుండా చాలాసేపు నిలబడ్డాను.

నాలుగో నెల, నిండు భూమి

చెప్పాల్సింది ముందే చెప్పేస్తాను: పెళ్ళయింది.

పొద్దున, పెళ్ళికి ముందు, అనుకున్న ప్రకారం ఆకుకూరల షెడ్డుకు వెళ్ళాను. తల తేటగా ఉంది, చుర్రుమనడం పోయి చాలా రోజులైంది. లోపల కూనిరాగం వినపడుతోంది. గుమ్మం దగ్గర ఆగి విన్నాను. నిజం రాస్తున్నాను, ఆ రాగం దరిద్రంగా ఉంది. ఇన్నేళ్ళూ మందు మత్తులో తెలియలేదు కానీ, పల్లవి ఒక ఊళ్ళో ఉంటే చరణం ఇంకో ఊళ్ళో ఉంది. నా మొహం దానంతట అది నవ్వలేదు.

కాలు మాత్రం వెనక్కి తిరగలేదు. ఈ రాగం రేపు వినపడకపోతే ఎలా ఉంటుందా అని ఆలోచించాను. ఆ ఆలోచనే నచ్చక గబగబా లోపలికి నడిచాను.

ఆయన నన్ను చూసి ఆపేశాడు. చేతిలో స్టీలు గిన్నె ఉంది. నాకందించాడు.

"విసరాలంటే విసరండి రత్నం గారూ. ఈ రోజు మంచినీళ్ళే తాగానండి. మీరు కోపిష్టోళ్ళని ఇప్పుడు బాగా తెలుత్తుందండి."

"తెలిసిందా? మరేటంటారు?"

"పెళ్ళికి ఆలిస్యమైపోతుందంటానండి."

నేను ఏడ్చాను, నవ్వాను, ఏది ముందో గుర్తు లేదు. రెండూ నావే.

ఊరంతా ఇంటికొకరు చొప్పున వరసలో వచ్చి గ్లాసు గ్లాసూ బిందెలో పోశారు. డాక్టరు పోసింది. పంతులమ్మ పోసింది. ఉప్మా స్నేహితులు ఎవరు ముందు పోయాలని కాసేపు పోట్లాడుకుని పోశారు. చివర అంబుజమ్మ వచ్చారు. "దీంట్లో ఏమీ లేదు, ఉత్త నీళ్ళు," అని అందరికీ వినపడేలా చెప్పి, బిందె నింపి, మా ఇద్దరి నెత్తి మీదా చెయ్యి పెట్టారు. మేము చెరో గుక్క తాగాం. ఏ రుచీ లేదు. కడుపు నిండిపోయింది.

భోజనాల దగ్గర డాక్టరును అడిగాను. "మెదడు దేనికైనా అలవాటు పడుతుందన్నావు కదా చెల్లీ, మొగుడి కూనిరాగానికి కూడానా?"

"ఎందుకు పడదక్కా? ఏడాది తిరిగేసరికి నీకు ఇనవడనే ఇనవడది. పంపు లెక్కనే."

అందరూ నవ్వారు. నేను మాత్రం ఆ మాట పట్టుకుని నీళ్ళ గదికి వచ్చాను. పెళ్ళయినా డ్యూటీ డ్యూటీయే. ఆయనా వెంట వచ్చి, పంపు పక్కన స్టూలు మీద కూర్చుని అందుకున్నాడు.

"ఏవండీ, కాసేపు ఆపండి."

"చిరాగ్గా ఉందాండి?"

"చిరాగ్గానే ఉంది. అందుక్కాదు. ఎప్పుడూ వినపడుతూ ఉంటే నాకు వినపడకుండా పోతుందట. రోజూ కాసేపు ఆపి మళ్ళీ మొదలెట్టాలి మీరు. అదీ ఒప్పందం."

"ఆయ్," అని ఆపాడు.

పంపు మోత ఒక్కటే మిగిలింది. నేను లేచి పీడనం చూసి రాశాను: సరిగ్గా ఉంది. ట్యాంకు మట్టం: సరిగ్గా ఉంది. పాతనీళ్ళ వాల్వు: మూసి ఉంది. ఇదిగో, వెనకనుంచి మళ్ళీ మొదలెట్టాడు, మొదటి ముక్కలోనే తప్పాడు. కలం పక్కన పెడుతున్నాను, ఇన్‌స్పెక్టరు గారూ. వినాలి.